టిన్ హైడ్రైడా, సిలేనా, థయోలా: రాడికల్ చైన్‌కు హైడ్రోజన్ దాతను ఎంచుకోవడం

అణువు బరువు చూపే ఎల్‌సీ-ఎంఎస్‌లో మాస్ సరిగ్గా వచ్చింది. రియాక్షన్ ఎంత నడిచిందో చూపే టీఎల్‌సీ ప్లేటు మీద, మేం మొదట వేసిన బ్రోమైడ్ మచ్చ ఆనవాలు లేకుండా పోయింది. అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక ప్రాసెస్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మా అణువులో గొలుసుకు ఒక చివర బ్రోమిన్, అక్కడి నుంచి లెక్కపెడితే అయిదో కార్బన్ దగ్గర మొదలయ్యే డబుల్ బాండ్. ట్రైబ్యూటైల్ టిన్ హైడ్రైడ్‌తో బ్రోమిన్ తీసి, అక్కడ పుట్టే రాడికల్‌తో (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క) అయిదు కార్బన్ల రింగు కట్టించాలి. రింగు కట్టాక రాడికల్ హైడ్రైడ్ నుంచి హైడ్రోజన్ తీసుకుంటుంది, మిగిలిన టిన్ రాడికల్ ఇంకో బ్రోమిన్‌ను పట్టుకుంటుంది. ఇలా తిరిగే వరసే చైన్, హైడ్రోజన్ ఇచ్చేది దాత. టొలీన్‌లో 80 డిగ్రీలకు వేడిచేసి, చైన్‌ను రాజేసే ఏఐబీఎన్ వేసి, టిన్ హైడ్రైడ్ మొత్తం ఒక్కసారే పోసేశాం. గాఢత 0.5 మోలార్. గంటలో రియాక్షన్ ముగిసింది.

ప్లేటును పర్మాంగనేట్‌లో ముంచితే, వేడి తగలకముందే మచ్చ పసుపుపచ్చగా తేలింది. డబుల్ బాండ్ ఇంకా ఉందని ఆ రంగు చెబుతూనే ఉంది, మేం పట్టించుకోలేదు. కాలమ్‌లో శుద్ధి కూడా అయ్యాక, ఏ హైడ్రోజన్ ఎక్కడుందో చూపే ఎన్‌ఎంఆర్ వచ్చింది. 5.8 దగ్గర ఒక హైడ్రోజన్, 5.0 దగ్గర రెండు: డబుల్ బాండ్ మీది హైడ్రోజన్లే. ఇంటిగ్రేషన్ ప్రకారం దాదాపు సగం సరుకు రింగు కట్టనే లేదు, బ్రోమిన్ పోయిన చోట హైడ్రోజన్ వచ్చి కూర్చుంది. రింగు కట్టినదీ కట్టనిదీ ఐసోమర్లు (అవే పరమాణువులు, అమరిక వేరు) కాబట్టి రెండింటి మాస్ ఒకటే. ఈ రకం రియాక్షన్‌లో మాస్ చూసి ధైర్యం తెచ్చుకోకూడదని ఆ రోజు తెలిసింది.

మా రీఏజెంట్‌లో లోపం లేదు. ఏఐబీఎన్ తాజాది. తప్పంతా ఎంపికలో ఉంది. పేపర్లలోని దిగుబడుల పట్టిక చూసి హైడ్రోజన్ దాతను ఎంచుకున్నాం. చూడాల్సింది రెండు వేగాలు: రాడికల్ మనం కోరిన పని ఎంత వేగంగా చేస్తుంది, దాత దానికి హైడ్రోజన్ ఎంత వేగంగా అందిస్తుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది.

ముందు ఆ రెండు అంకెలు

5-హెక్సెనైల్ రాడికల్ (మా అణువులో పుట్టే రకం) 25 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 2.3 లక్షల రేటుతో అయిదు కార్బన్ల రింగు కడుతుంది. ఆరు కార్బన్ల రింగు వైపు పోయేది నూటికి రెండు పాళ్లే. ఇక ప్రైమరీ ఆల్కైల్ రాడికల్ టిన్ హైడ్రైడ్ నుంచి హైడ్రోజన్ లాక్కునే రేటు స్థిరాంకం అదే ఉష్ణోగ్రత దగ్గర సుమారు 24 లక్షలు. 1981లో చట్‌గిలియాలోగ్లు, ఇంగోల్డ్, స్కయానో లేజర్ ఫ్లాష్ ఫొటోలిసిస్‌తో కొలిచిన విలువ ఇది. ఈ రంగంలో చాలా మంది మిగతా రియాక్షన్ల వేగాలను దీన్నే గడియారంగా పెట్టుకుని లెక్కగట్టారు.

ఈ రెండు అంకెలను నేరుగా పోల్చకూడదు. మొదటిది ఒకే అణువు తనలో తాను చేసుకునే ఏకాణు చర్య, రెండోది రెండు అణువులు కలిస్తేనే జరిగే ద్వితీయ క్రమాంక చర్య. 24 లక్షలను టిన్ హైడ్రైడ్ గాఢతతో గుణించాలి. గాఢత 0.1 మోలార్ అయితే 2.4 లక్షలు వస్తుంది. రింగు వేగం 2.3 లక్షలు. అంటే గది ఉష్ణోగ్రతలో 0.1 మోలార్ దగ్గర సగం రింగు, సగం వృథా. గాఢతను 0.01కి తగ్గిస్తే రింగుకు పది పాళ్లు, వృథాకు ఒక పాలు.

వేడి ఎటు మొగ్గుతుందో కూడా చూడాలి. రింగు కట్టడానికి ఆక్టివేషన్ ఎనర్జీ (దాటాల్సిన గట్టు) మోల్‌కు 6.9 కిలోకేలరీల దాకా ఉంటుంది, హైడ్రోజన్ లాక్కోవడానికి 3.7 చాలు. ఉష్ణోగ్రత పెరిగితే ఎక్కువ ఎనర్జీ కావాల్సిన పనే ఎక్కువగా వేగం పుంజుకుంటుంది. 80 డిగ్రీల దగ్గర రింగు సుమారు 13.5 లక్షలు, టిన్ 61 లక్షలు. ఇప్పుడు 0.1 మోలార్ దగ్గర రెండు పాళ్లకు పైగా రింగు, ఒక పాలు వృథా. మేం పోసిన 0.5 మోలార్‌కు లెక్కేస్తే మొదటి క్షణంలో టిన్ వేగం 30 లక్షలు దాటుతుంది, మూడో వంతు కూడా రింగు కట్టదు. హైడ్రైడ్ ఖర్చయ్యేకొద్దీ పరిస్థితి మెరుగుపడుతుంది కాబట్టి మొత్తం మీద సగం దగ్గర ఆగుతుంది. ఎన్‌ఎంఆర్ చూపించింది సరిగ్గా ఆ సగాన్నే. ఫ్లాస్క్ ఎక్కించకముందే కాగితం మీద తెలిసిపోయేది.

ఎవరు దేనికి పనికొస్తారు

టిన్ హైడ్రైడ్‌కు ఇన్నేళ్ల పేరు ఊరికే రాలేదు. టిన్-హైడ్రోజన్ బంధం బలహీనం, అందుకే హైడ్రోజన్‌ను తేలిగ్గా వదులుతుంది. ఆ తర్వాత మిగిలే టిన్ రాడికల్ బ్రోమిన్‌ను, అయోడిన్‌ను, జాంథేట్ అనే సల్ఫర్ గుంపును చకచకా పట్టుకుంటుంది. ప్రైమరీ బ్రోమైడ్ నుంచి బ్రోమిన్ తీయడం కోట్లలో నడుస్తుంది, అయోడైడ్ దగ్గర వంద కోట్ల దాకా వెళ్తుంది. క్లోరైడ్ మాత్రం బ్రోమైడ్ కంటే పదివేల రెట్లకు పైగా నెమ్మది. కాబట్టి ప్రైమరీ ఆల్కైల్ క్లోరైడ్‌తో ఈ చైన్ మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను. దాత సంగతి తేల్చకముందే బ్రోమైడ్‌కో అయోడైడ్‌కో మారండి.

టిన్‌తో అసలు కష్టం పని అయ్యాక మొదలవుతుంది. ట్రైబ్యూటైల్ టిన్ అవశేషాలు కాలమ్ పొడవునా జిడ్డులా సాగుతాయి. పొటాషియం ఫ్లోరైడ్ ద్రావణంతో గట్టిగా కలిపితే టిన్ ఫ్లోరైడ్ తెల్లటి ముద్దగా విడిపోతుంది, వడకట్టాలి. నూరిన పొటాషియం కార్బొనేట్‌ను పదో వంతు కలిపిన సిలికా మీదుగా పంపడం నాకు ఇంకా బాగా పనిచేసింది. అయినా మందు తయారీకి పోయే సరుకైతే టిన్‌ను ముందే పక్కన పెట్టడం మేలు. మందుల్లో లోహ మలినాలకు హద్దులు పెట్టే అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ3డీ నోటి ద్వారా తీసుకునే మందుల్లో టిన్‌కు రోజుకు 6000 మైక్రోగ్రాముల దాకా అనుమతిస్తుంది, ఆ అంకె చూసి కొందరు ధీమాగా ఉంటారు. ఆ అంకె అకర్బన టిన్‌ను దృష్టిలో పెట్టుకుని వేసింది. ట్రైబ్యూటైల్ టిన్ విషగుణం వేరు. ఓడల అడుగుభాగానికి పూసే రంగుల్లో దాన్ని ఆపడానికి 2001లో అంతర్జాతీయ ఒప్పందమే చేయాల్సి వచ్చింది, అది 2008లో అమల్లోకి వచ్చింది. నత్తల్లో లింగ మార్పుకు దారితీసిన పదార్థాన్ని మాత్రలోకి పోయే దారిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

సిలేన్ అంటే సిలికాన్ మీద హైడ్రోజన్ ఉన్న దాత. ట్రిస్-ట్రైమిథైల్‌సిలైల్ సిలేన్ పేరు పొడవు, ల్యాబ్‌లో 'సూపర్ సిలేన్' అంటే సరిపోతుంది. దీన్ని 1988లో చట్‌గిలియాలోగ్లు బృందం ముందుకు తెచ్చింది. 25 డిగ్రీల దగ్గర ప్రైమరీ రాడికల్‌కు హైడ్రోజన్ ఇచ్చే రేటు సుమారు 3.8 లక్షలు, అంటే టిన్‌లో ఆరో వంతు. మొదట చూసినవాళ్లకు ఇది లోపంలా కనిపిస్తుంది. రింగు కట్టాలనుకునేవాడికి ఇదే వరం. 0.1 మోలార్ దగ్గర గది ఉష్ణోగ్రతలోనే ఆరుకు ఒకటి లెక్కన రింగు గెలుస్తుంది, సిరంజి పంపు జోలికి పోకుండానే. 80 డిగ్రీల దగ్గర పదకొండుకు ఒకటి. దీని రాడికల్ కూడా బ్రోమైడ్‌ను కోట్ల వేగంతోనే పట్టుకుంటుంది కాబట్టి చైన్ తెగదు. ధర మాత్రం ఎక్కువ. ఎలక్ట్రాన్లు కొరవడిన డబుల్ బాండ్ ఉంటే సిలైల్ రాడికల్ పోయి దానికి అంటుకునే ప్రమాదమూ ఉంది.

'సిలేనే కావాలంటే చవకగా దొరికే ట్రైఇథైల్ సిలేన్ ఉంది కదా' అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న మంచిది, జవాబు కోసం రాడికల్ ఎంతసేపు బతుకుతుందో చూడాలి. 0.01 మోలార్ ఏఐబీఎన్ 80 డిగ్రీల దగ్గర పుట్టించే రాడికల్స్, ఒకదాన్నొకటి వంద కోట్ల స్థాయి వేగంతో చంపుకునే రాడికల్స్, రెండింటినీ తూచితే ఫ్లాస్క్‌లో ఏ క్షణంలోనైనా లీటరుకు మోల్‌లో కోటో వంతు కూడా మిగలవు. సుమారు 3×10⁻⁸ మోలార్. ఆ గాఢతలో ఒక రాడికల్ మరొకటి తారసపడి చచ్చేలోగా దానికి దక్కేది సెకనులో అరవయ్యో వంతు. చైన్‌లోని ప్రతి మెట్టూ ఈ లోపల చాలాసార్లు జరగగలిగేంత వేగంగా ఉండాలి. 0.1 మోలార్ టిన్‌తో ఆ మెట్టు సెకనుకు ఆరు లక్షలు, అంటే ఒక్క ఏఐబీఎన్ ముక్క దాదాపు పదివేల అణువులను మార్చగలదు. ట్రైఇథైల్ సిలేన్ రేటు స్థిరాంకం ఆ వేడిలో కూడా వేలల్లోనే ఉంటుంది. గాఢతతో గుణిస్తే వందలకు దిగుతుంది. చైన్ నాలుగడుగులు వేసి పడిపోతుంది. ఏఐబీఎన్‌ను మళ్లీ మళ్లీ వేస్తూ పోవాల్సి వస్తుంది, అది ఉత్ప్రేరకంలా కాక ముడిసరుకులా ఖర్చవుతుంది.

దానికి కొద్దిగా థయోల్ (సల్ఫర్ మీద హైడ్రోజన్ ఉన్న పదార్థం) కలిపితే కథ మారుతుంది. ఆల్కైల్ రాడికల్‌లో ఎలక్ట్రాన్ల జోరు ఎక్కువ, సల్ఫర్ మీది హైడ్రోజన్‌ను ఇష్టంగా తీసుకుంటుంది. మిగిలిన సల్ఫర్ రాడికల్‌కు ఎలక్ట్రాన్ల ఆకలి, అది సిలేన్ మీది హైడ్రోజన్ లాక్కుంటుంది. ఒక ఎత్తైన మెట్టు స్థానంలో రెండు చిన్న మెట్లు. ఇంగ్లండ్‌లో రాబర్ట్స్ పేరుతో ముడిపడ్డ ధ్రువత తిరగేసే ఉత్ప్రేరణ ఇదే. థయోల్‌ను ఒంటరిగా దాతగా వాడదామంటే మాత్రం కుదరదు. ఫినైల్ థయోల్ 14 కోట్ల వేగంతో హైడ్రోజన్ ఇస్తుంది నిజమే, కానీ సల్ఫర్ రాడికల్ బ్రోమైడ్ నుంచి బ్రోమిన్ తీయదు. హైడ్రోజన్ ఇవ్వగానే చైన్ అక్కడే ఆగిపోతుంది. దాత మంచిదా అని అడిగేటప్పుడు అది ఇచ్చేది ఎంతో చూస్తాం. ఇచ్చాక మిగిలేది తిరిగి చైన్‌ను ఎత్తుకోగలదా అనేది మర్చిపోతాం.

వేగం నిజంగా కావాల్సిన సందర్భమూ ఉంది. రాడికల్ పుట్టగానే దాన్ని కదలకుండా ఆపాలి, లేకపోతే పక్కనున్న సైక్లోప్రొపేన్ (మూడు కార్బన్ల రింగు) విచ్చుకుపోతుంది. అది సెకనుకు పది కోట్ల దగ్గర జరుగుతుంది, టిన్ దాన్ని ఆపలేదు. అక్కడ ఫినైల్ సెలినోల్ (థయోల్‌లో సల్ఫర్ స్థానంలో సెలీనియం ఉన్నది) 200 కోట్ల దగ్గర పరిగెత్తుతుంది. టిన్ హైడ్రైడ్‌లో కొద్దిగా డైఫినైల్ డైసెలినైడ్ వేస్తే అది ఫ్లాస్క్‌లోనే సెలినోల్‌గా మారుతుంది. హైడ్రోజన్ సెలినోల్ ఇస్తుంది, బ్రోమిన్ టిన్ పట్టుకుంటుంది. క్రిచ్ అభివృద్ధి చేసిన ఈ ఏర్పాటును నేను చాలా గౌరవిస్తాను. వాసన మాత్రం ఫ్యూమ్ హుడ్ దాటకూడదు.

రింగు ఏమీ వద్దు, హైడ్రాక్సిల్‌ను తీసేసి హైడ్రోజన్ పెడితే చాలు అన్న బార్టన్-మెకాంబీ రకం పనికైతే (1975 నుంచి వాడుకలో ఉంది) ఈ పందెమే ఉండదు. అక్కడ హైపోఫాస్ఫరస్ ఆమ్లాన్నో, దాని అమీన్ లవణాన్నో ముందు ప్రయత్నించండి. చవక, అవశేషం నీళ్లలో కడుక్కుపోతుంది. 1990ల మొదట్లో బార్టన్ బృందమే ఈ మార్గం చూపింది. కిలోల స్థాయికి పోయే పనికి నా మొదటి ఓటు దీనికే.

దాతను మార్చాలా, నెమ్మదిగా పోయాలా

రింగు వెనకబడుతుంటే దారులు రెండు. టిన్‌నే ఉంచి సిరంజి పంపుతో గంటల తరబడి చుక్కలుగా పోయడం ఒకటి, సిలేన్‌కు మారడం ఇంకొకటి. మామూలు అయిదు కార్బన్ల రింగుకు రెండూ పనిచేస్తాయి. గొలుసు మధ్యలో ఒకే కార్బన్ మీద రెండు మిథైల్ గుంపులు ఉంటే రింగు పదిరెట్లకు పైగా వేగం పుంజుకుంటుంది, అప్పుడు ఏ దాతతోనైనా గట్టెక్కుతారు.

ఆరు కార్బన్ల రింగు దగ్గరే అసలు పరీక్ష. 6-హెప్టెనైల్ రాడికల్ రింగు కట్టే వేగం 25 డిగ్రీల దగ్గర సెకనుకు అయిదు వేల పైచిలుకు మాత్రమే. 0.1 మోలార్ టిన్‌తో నూటికి రెండు పాళ్లు దక్కుతుంది. సిలేన్‌ను 0.01 మోలార్‌కు తగ్గించినా అరవై దాటదు. ఇక్కడ ఒక ఉపాయం చాలదు. సిలేన్‌కూ మారాలి, దాన్ని సిరంజి పంపుతోనూ పోయాలి, వేడీ పెంచాలి. అప్పటికీ నెమ్మదిగా కట్టే రింగు పక్కదారులకు అవకాశం ఇస్తుంది, ముఖ్యంగా డబుల్ బాండ్ పక్కనున్న అల్లైలిక్ హైడ్రోజన్‌ను రాడికల్ తానే ఎత్తుకుపోతుంది. అణువు నిర్మాణాన్ని మార్చే వీలుంటే మార్చడం మంచిది.

సిరంజి పంపు పెట్టేవాళ్లు ఒకటి మరవకూడదు. 80 డిగ్రీల దగ్గర ఏఐబీఎన్ అర్ధాయువు గంటా పావు దరిదాపుల్లో ఉంటుంది. అయిదు గంటలు పోస్తూ ఏఐబీఎన్ మొత్తం మొదట్లోనే వేస్తే, చివరికి పదహారో వంతు మిగులుతుంది. చైన్ నీరసిస్తుంది, పడుతున్న హైడ్రైడ్ ఖర్చు కాక ఫ్లాస్క్‌లో పోగవుతుంది, గాఢత పెరిగి రింగు మళ్లీ వెనకబడుతుంది. ఏఐబీఎన్‌ను హైడ్రైడ్‌తో పాటు సిరంజిలోనే వేయండి. ఇంకో సంగతి: ఏఐబీఎన్‌ను రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, వర్గమూలం లెక్కన 1.4 రెట్లే పెరుగుతుంది. చైన్ కదలట్లేదని నాలుగింతలు వేస్తే రెట్టింపు వేగం, దాంతో పాటు నాలుగింతల చెత్త.

ఇనిషియేటర్ (చైన్‌ను రాజేసేది) ఎంపిక నిజానికి ఉష్ణోగ్రత ఎంపికే. పది గంటల అర్ధాయువు వచ్చే ఉష్ణోగ్రత ఏఐబీఎన్‌కు 65 డిగ్రీలు, అదే తరహా వీ-70కి 30, డైటెర్షరీబ్యూటైల్ పెరాక్సైడ్‌కు 125. మైనస్ 78లో పని ఉంటే ట్రైఇథైల్ బోరాన్‌కు కొద్దిగా గాలి తగిలించడమే దారి, 1987లో నొజాకి, ఒషీమా, ఉటిమోటో దాన్ని అలవాటు చేశారు. బెంజాయిల్ పెరాక్సైడ్‌ను ఈ పనికి నేను వాడను. రాడికల్స్ దాన్నే తిరిగి విరగ్గొడతాయి, వేగం లెక్కకు అందదు.

గాలి, ద్రావణి

గాలి సోకిన టొలీన్‌లో ఆక్సిజన్ లీటరుకు సుమారు 2 మిల్లీమోళ్లు ఉంటుంది. ఆల్కైల్ రాడికల్ దాన్ని పట్టుకునే రేటు 200 కోట్లకు తగ్గదు. గుణించండి: సెకనుకు 40 లక్షలు. 80 డిగ్రీల దగ్గర రింగు కట్టే 13.5 లక్షల కంటే మూడింతలు. ఇంత జాగ్రత్తగా దాతను ఎంచుకుని, నైట్రోజన్ పది నిమిషాలు బుడగలు పోనిచ్చి సరిపెట్టుకుంటే ఎంపికంతా గాలికి పోయినట్టే. కనీసం అరగంట ఆర్గాన్, కుదిరితే గడ్డకట్టించి, వాక్యూమ్ లాగి, కరిగించే పద్ధతి మూడుసార్లు చేయండి.

పాత పేపర్లన్నీ బెంజీన్‌లో ఉంటాయి, ఎందుకంటే దాని హైడ్రోజన్‌ను రాడికల్ ముట్టదు. కాన్సర్ కారకం కాబట్టి దాన్ని వదిలేసి టొలీన్‌కు, లేదా ట్రైఫ్లోరోటొలీన్‌కు రండి. ఆల్కైల్ రాడికల్స్‌కు టొలీన్ చాలు. ఆరైల్ రాడికల్ (బెంజీన్ రింగు మీదిది) పుట్టే పనిలో టీహెచ్‌ఎఫ్‌ను ద్రావణిగా పెట్టకండి. దాని హైడ్రోజన్‌ను ఆరైల్ రాడికల్ 50 లక్షల దగ్గర లాగుతుంది, పైగా ద్రావణి కాబట్టి గాఢత 12 మోలార్. లెక్క ఆరు కోట్లకు చేరుతుంది.

దాతే వద్దనుకుంటే

రాడికల్‌ను ఆక్రిలోనైట్రైల్ లాంటి వాటికి కలపాలంటే (గీసె రియాక్షన్) పందెం మళ్లీ అదే, రింగు స్థానంలో ఆక్రిలోనైట్రైల్ గాఢత వస్తుంది. ఆల్కైల్ రాడికల్స్‌కు ఆ రేటు స్థిరాంకం లక్షల నుంచి పది లక్షల పైన దాకా ఉంటుంది. ఆక్రిలోనైట్రైల్‌ను ఎక్కువగా, హైడ్రైడ్‌ను తక్కువగా ఉంచండి. చివరికి హైడ్రోజన్ అవసరమే లేకపోతే కర్రన్ చూపిన అయోడిన్ బదిలీ, జార్డ్ జాంథేట్ బదిలీ ఉన్నాయి. వాటిలో రింగుతో పోటీపడే హైడ్రోజన్ ఫ్లాస్క్‌లోనే ఉండదు, నెమ్మది రింగులకు ఊపిరి దొరుకుతుంది.

ఇప్పుడు చాలా మంది నీలి దీపం పెట్టి ఫొటోరెడాక్స్‌కు (వెలుతురుతో ఎలక్ట్రాన్‌ను కదిలించి రాడికల్ పుట్టించే పద్ధతి) వెళ్తున్నారు. 2009లో స్టీఫెన్సన్ బృందం టిన్ లేకుండా హాలోజన్ తీసి చూపించాక ఆ దారి విస్తరించింది. అక్కడ ఒక పొరపాటు పదేపదే కనిపిస్తుంది. దీపం ఆపితే రియాక్షన్ ఆగింది, వెలిగిస్తే నడిచింది, కాబట్టి ఇది చైన్ కాదు అని రాసేస్తారు. పైన చూశాం, ఒక రాడికల్ బతికేదే సెకనులో అరవయ్యో వంతు. రాడికల్స్ ఇంకా పలచగా ఉండి బతుకు సెకన్లకు పెరిగినా, దీపం ఆపిన కొన్ని సెకన్లకే చైన్ చల్లారిపోతుంది. నిమిషాల లెక్కన తీసిన శాంపిల్‌లో అది కనిపించదు. క్వాంటం యీల్డ్ (పీల్చుకున్న ఒక్కో ఫొటాన్‌కు ఎన్ని అణువులు మారాయన్న లెక్క) కొలవాలి. 1 దాటితే చైన్ ఉన్నట్టే, తక్కువ వచ్చినంత మాత్రాన లేదని కాదు. చైన్ ఉంటే ఫొటోరెడాక్స్‌లో మీరు వేసిన అమీన్‌నో, హాంట్జ్ ఎస్టర్‌నో కూడా హైడ్రోజన్ దాతగానే లెక్కలోకి తీసుకోండి. దాని రేటు స్థిరాంకాన్ని గాఢతతో గుణించి, రింగు వేగం పక్కన పెట్టండి.